యూకిప్ ప్రభావాన్ని కన్సర్వేటివ్‌ల అంతర్గత ఒత్తిడి నుంచి విడదీయడం ఎలా?

బ్రిటన్‌లో యూకిప్ (ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని కోరిన యునైటెడ్ కింగ్‌డమ్ ఇండిపెండెన్స్ పార్టీ) ఎదుగుదల వల్లే కన్సర్వేటివ్ పార్టీ ఐరోపా సమాఖ్య పట్ల వైఖరిని మార్చుకుందా అన్నది తేల్చడానికి రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. 2010, 2015 మేనిఫెస్టోలను పక్కపక్కన పెట్టి చదివాను. సమాఖ్యలో ఉండాలా, వైదొలగాలా అన్న రిఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) హామీ రెండోదానిలోనే ఉంది. పార్టీల వైఖరులను నిపుణులు అంచనా వేసే ఛాపెల్ హిల్ సర్వే అంకెలూ చూశాను గానీ, అది 2010లో ఒకసారి, మళ్లీ 2014లో జరగడంతో నడుమ ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు.

అసలు చిక్కు ఇక్కడే: యూకిప్ 2014 ఐరోపా ఎన్నికల్లో 24 స్థానాలు గెలవడానికి ముందే, 2013 జనవరి 23న, అప్పటి కన్సర్వేటివ్ ప్రధాని కామెరాన్ ఆ రిఫరెండం హామీ ఇచ్చారు, అంతకన్నా ముందే, 2011 అక్టోబరులో, దాదాపు 80 మంది సొంత ఎంపీలు విప్‌ను ధిక్కరించి రిఫరెండానికి మద్దతు పలికారు. ఈ తిరుగుబాటును పక్కనపెట్టి అంతా యూకిప్‌కే ఆపాదించడం నాకు సబబుగా తోచడం లేదు.

2010-14 మధ్య కన్సర్వేటివ్ ఎంపీల వైఖరిని నెలవారీగా కొలవడానికి పార్లమెంటు ప్రసంగాలు, ఓటింగ్ రికార్డులలో ఏది ఎక్కువ నమ్మదగినది?