కొండల మీద శరత్కాలం రంగులు చూడాలి, మోకాళ్లకు ఇబ్బంది లేని నడక ఏదైనా ఉందా?

సీతమ్మధార కోడలు:

అందరికీ నమస్కారం. మా ఆడపడుచు న్యూజెర్సీలో ఉంటుంది. అక్టోబర్ వచ్చిందంటే అక్కడి కొండలు ఎర్రగా, నారింజ రంగులో ఉన్న ఫొటోలు మా ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది. మొన్న మా అత్తయ్యగారు ఆ ఫొటోలు చాలాసేపు చూసి, "మన కొండలకు ఇలాంటి రంగులు రావా?" అని అడిగారు. ఆవిడకు 68 ఏళ్లు. రోజూ ఉదయం ఇక్కడ విశాఖ ఆర్కే బీచ్‌లో గంటసేపు హాయిగా నడుస్తారు. మెట్లు, ఎత్తు ఎక్కడం మాత్రం మోకాళ్ల వల్ల కష్టం. మా అబ్బాయి మూడో తరగతి, వాడికి ఎంత నడిచినా ఫర్వాలేదు.

ఆవిడను ఈ సీజన్‌లోనే ఎలాగైనా తీసుకెళ్లాలని ఉంది. అందరూ పాడేరు దగ్గర మేఘాలు కనిపించే వంజంగి కొండ అంటున్నారు. దసరా సెలవుల్లో వెళ్లమంటారా? కారా, రైలా? ఎక్కడ నడవాలో కాస్త వివరంగా చెప్పగలరు.

కొండబాట మాస్టారు:

నమస్కారం అమ్మా. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. అత్తయ్యగారి ప్రశ్న నాకు చాలా నచ్చింది, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

రంగులు వస్తాయి. అయితే ఈ సీజన్‌లో మన దగ్గర వచ్చేది చెట్ల మీద కాదు, చేలల్లో.

అమెరికాలో పగటి పొద్దు తగ్గి, రాత్రి చలి పెరిగేసరికి ఆకులో పచ్చదనం తయారవడం ఆగిపోతుంది. అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా దాగి ఉన్నది కాదు, అప్పటికప్పుడు తయారయ్యేది. పగలు మంచి ఎండ, రాత్రి మరీ గడ్డకట్టించని చలి ఉన్న ఏడాది ఆకులో మిగిలిపోయిన చక్కెరల వల్ల ఆ ఎరుపు బాగా తేలుతుంది. మన తూర్పు కనుమల్లో చాలా చెట్లు ఆకు రాల్చేది చలికి కాదు, నీటి ఎద్దడికి. వానలు వెనక్కి తగ్గి నేల ఎండాక, అంటే మాఘ ఫాల్గుణాల్లో టేకులు మోడులవుతాయి, మోదుగలు ఒక్క ఆకు లేకుండా పూస్తాయి, రావి చిగుళ్లు రాగి రంగులో మెరుస్తాయి. అక్టోబర్‌లో వెళితే మన అడవి నిండు పచ్చగా ఉంటుంది.

అందుకని మీరు వెళ్లాల్సింది వలిసె పూల కోసం. అక్టోబర్ చివరి నుంచి నవంబర్‌లో అరకు, పాడేరు వైపు మెట్ట చేలన్నీ పసుపు పచ్చగా మారిపోతాయి. నడుము ఎత్తు మొక్క, దాని మీద సాధారణంగా ఎనిమిది రేకుల చిన్న పువ్వు. ఒక్క పువ్వును చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. కొండ వాలు మొత్తం అదే రంగు పరుచుకుని, పైన మంచు విడిపోతున్నప్పుడు చూడాలమ్మా!

దారి విషయం. కారైతే ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి అనంతగిరి, సుంకరిమెట్ట, అరకు. మొత్తం 115 కిలోమీటర్ల ప్రయాణం. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటల్లో చెక్కల నడకదారి ఉంది, అక్కడ తప్పకుండా ఆగండి. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. నవంబర్‌లో కాఫీ కాయలు పండడం మొదలవుతుంది. ఒకే కొమ్మకు ఆకుపచ్చ కాయ, పసుపు తిరిగినది, ఎర్రగా పండినది వరుసగా కనిపిస్తాయి. బాబుకు చూపించండి, కోయనివ్వకండి.

అరకులో మాడగడ వైపు వెళ్లండి. వ్యూ పాయింట్ వరకు ఎక్కాలన్న పట్టుదల వద్దు. ఊరి దారి పక్కనే చేలు ఉంటాయి, కారు ఒకచోట ఆపి ఆ దారి వెంబడి వెళ్లినంత దూరం వెళ్లి వెనక్కి వచ్చేయండి. అత్తయ్యగారికి బీచ్ రోడ్డు మీద నడిచినంత తేలిక కాకపోయినా, మెట్ల బాధ ఉండదు.

దసరాకు మాత్రం వద్దంటాను. అప్పటికి పూలు సరిగా రావు, పైగా అది తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అరకు వైపు కాఫీ తోటల్లో నీడ చెట్లు ఎన్నో కూలిపోయాయి. మామూలు వాయుగుండానికి కూడా ఘాట్‌లో రాళ్లు, మట్టి జారి పడతాయి. నవంబర్ రెండో వారం, వాతావరణం చూసుకుని, ఆదివారం కాకుండా వెళ్లండి. కార్తీక మాసం ఆదివారాల్లో వనభోజనాల బస్సులతో ఘాట్ కిక్కిరిసిపోతుంది.

పాడేరు అమ్మాయి:

అక్కా, మాస్టారు చెప్పింది కరెక్ట్. మా నాన్న వలిసెలు వేస్తారు, అందుకే రెండు మాటలు.

వంజంగి వద్దక్కా. మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే చీకట్లో ఎక్కాలి. మట్టి, రాళ్ల బాట, మంచుకు తడిసి జారుతుంది. ఎక్కడం ఎలాగోలా అయిపోతుంది, దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం పడుతుంది. అత్తయ్యగారిని అక్కడికి తీసుకెళ్లొద్దు, ప్లీజ్.

చేలో దిగాలంటే ముందు రైతును అడగండి. ఫొటోలకు కొందరు పదో ఇరవయ్యో తీసుకుంటారు, ఇవ్వండి. మాకు అది పూలతోట కాదు, నూనె గింజల పంట. పువ్వు రాలాక వచ్చే నల్లటి గింజే మా డబ్బు. ఒక్కో సెల్ఫీకి ఒక్కో వరుస తొక్కేస్తుంటే మా నాన్న గట్టు మీద నిలబడి ఏమీ అనలేక చూస్తుంటారు, నాకు చాలా బాధేస్తుంది. గట్టు మీద నుంచి కూడా ఫొటోలు బాగా వస్తాయి.

మరీ పొద్దున్నే వెళితే మంచుకు చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసిపోతాయి. ఎండ వచ్చాక తేనెటీగలు బాగా తిరుగుతాయి. వాటిని కదిలించకపోతే ఏమీ చేయవు, బాబు చేతులు ఊపకుండా చూసుకోండి చాలు. ఇంకోటి, అరకు నుంచి పాడేరు వచ్చే దారిలో చాపరాయి ఉంది. నీళ్లు నున్నటి బండ మీదుగా పారతాయి, పాచి ఉంటుంది. అత్తయ్యగారు ఒడ్డున కూర్చుంటే సరిపోతుంది.

ఢిల్లీలో విశాఖవాసి:

అచ్చం అమెరికాలో లాంటి ఆకులే కావాలంటే కశ్మీర్ ఉందండీ. శ్రీనగర్‌లో చినార్ చెట్లు అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో ఎర్రబడతాయి. నిషాత్, షాలిమార్ తోటలు, యూనివర్సిటీలోని నసీమ్ బాగ్ చూడాలి. నసీమ్ బాగ్ నేల చదునుగా ఉంటుంది, పెద్దవాళ్లకు చాలా సుఖం. కాకపోతే ఢిల్లీలో విమానం మారి వెళ్లాలి, చలి బట్టలు గట్టిగా ఉండాలి. ఈ ఏడాది అరకు, వచ్చే ఏడాది అక్కడికి ప్లాన్ చేయండి.

సీతమ్మధార కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. నవంబర్ రెండో వారం, బుధవారం అనుకున్నాం. వంజంగి మానేశాం. అమ్మాయ్, మీ నాన్నగారి గురించి చదివి మా అత్తయ్యగారు "చేలో అడుగు పెట్టొద్దు, గట్టు మీదే ఉందాం" అని ఇప్పుడే ఆర్డర్ వేశారు. మాస్టారూ, వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లి, వచ్చేటప్పుడు కారు మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది? బాబుకు సొరంగాలు చూడాలని ఉంది.

కొండబాట మాస్టారు:

భేషుగ్గా ఉంటుందమ్మా. కిరండూల్ రైలు ఉదయం ఏడు లోపే విశాఖలో బయల్దేరుతుంది, అరకు చేరేసరికి 11 ప్రాంతం అవుతుంది. ఆ లైను మొత్తం మీద 58 సొరంగాలు ఉన్నాయి. అరకు లోపే చాలా వస్తాయి, బాబును లెక్కపెట్టమనండి. అద్దాల బోగీ కావాలంటే ముందే రిజర్వ్ చేసుకోండి, కార్తీకంలో త్వరగా నిండిపోతుంది. కారును ముందుగా అరకు స్టేషన్‌కు రప్పించుకుంటే మధ్యాహ్నం మాడగడ చూసి, తిరుగు దారిలో సుంకరిమెట్టలో ఆగొచ్చు. అక్కడి నుంచి నాలుగు లోపే బయల్దేరండి. చలికాలం పొద్దు త్వరగా వాలుతుంది, పొగమంచు దిగాక ఘాట్‌లో డ్రైవింగ్ కష్టం. అత్తయ్యగారికి శాలువా, చేతికర్ర మర్చిపోకండి.