గిటారు బ్రిడ్జి హంబకర్ పికప్ మార్చాలనుకుంటున్నాను: బెంగళూరు మిత్రుల అనుభవాలు కావాలి (చర్చ)

ఆరుతంతులు (మారతహళ్ళి)

మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర ఇండోనేషియాలో తయారైన, స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) ఆకారపు ఎలక్ట్రిక్ గిటారు ఆరేళ్ళుగా ఉంది. దానికి తంతి కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు మూడున్నాయి: బ్రిడ్జి (తంతులు బిగించే చివర) దగ్గర ఒక హంబకర్ (రెండు తీగచుట్టలున్న పికప్), మధ్యలో ఒకటి, నెక్ (గిటారు మెడ) దగ్గర ఒకటి సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్‌లు. ఏది పలకాలో ఎంచుకోవడానికి అయిదు స్థానాల స్విచ్ ఉంది. ప్రతి ఆదివారం మా చర్చిలో తెలుగు ఆరాధనకు దీన్నే వాయిస్తాను. బ్రిడ్జి పికప్ మీద సన్నతంతులు చెవిలో గుచ్చుకున్నట్టు పలుకుతాయి. కొంచెం డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) కలిపితే లావుతంతులు ముద్దగా కలిసిపోయి, ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలియదు. నెక్ పికప్ ధ్వని మాత్రం నాకు ఎంతో ఇష్టం, దాన్ని కదపను. ఏ పికప్ కొనాలి, ఏమేమి చూసుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా?

జయనగర్ శ్రోత

కొనే ముందు ఒక స్క్రూడ్రైవరు, ఒక స్కేలు తీసుకుని అరగంట కూర్చోవాలని నా మనవి. ఒకటో తంతినీ ఆరో తంతినీ చిట్టచివరి ఫ్రెట్ (మెడ మీది లోహపు పట్టీ) దగ్గర నొక్కి పట్టుకుని, తంతి అడుగుభాగానికీ పికప్ పైభాగానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. హంబకర్‌కు సుమారు 2 మిల్లీమీటర్లు మంచి ఆరంభం. నేను కొన్న గిటారులో అది 1 మిల్లీమీటరు కూడా లేదు, మీరు చెప్పిన ముద్దతనమే అందులోనూ ఉండేది. లావుతంతుల వైపు దించగానే సగం తగ్గింది. సింగిల్ కాయిళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే వాటి కడ్డీ అయస్కాంతాలు తంతికి మరీ దగ్గరైతే దాని కదలికనే లాగి పట్టి, పై ఫ్రెట్లలో ఒకే స్వరం రెండుగా వణుకుతున్నట్టు వినిపించేలా చేస్తాయి.

రెండో సంగతి, లోపల ఉన్న వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే బొత్తాం కింది నిరోధకం) విలువ చూడండి. సాధారణంగా సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లు వాడతారు. విలువ తగ్గేకొద్దీ పదును తగ్గుతుంది. మీ గిటారులో 500 ఉంటే, దాని స్థానంలో 250 పెట్టడం పికప్ ధరలో చాలా చిన్న వంతుతో తేలిపోయే పని.

మల్లేశ్వరం హోరు

పై సలహా పాటించాక కూడా మార్చాలనిపిస్తే, నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. నిరోధం అంకె పెద్దదైతే పికప్ గొప్పదని నమ్మి, 16 కిలో ఓమ్‌ల హంబకర్ తెప్పించి, కస్టమ్స్ సుంకం కూడా కట్టాను. నిరోధం అన్నది తీగ పొడవు, మందం కలిసి ఇచ్చే సంఖ్య. 42 గేజి తీగకు బదులు అంతకన్నా సన్ననిదైన 43 గేజి వాడితే, చుట్లు అన్నే ఉన్నా అంకె పెరుగుతుంది. రాగి నిరోధం ప్రతి సెల్సియస్ డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, ఒకే పికప్ జనవరి ఉదయం ఒక అంకె, ఏప్రిల్ మధ్యాహ్నం మరొక అంకె చూపిస్తుంది. నిజంగా తేడా తెచ్చేది చుట్ల సంఖ్య. చుట్లు పెరిగితే ధ్వని బలపడుతుంది, మధ్యస్థాయి ఉబ్బుతుంది, పైస్థాయి మెరుపు తగ్గుతుంది. నాకు వచ్చిన పికప్ డిస్టార్షన్‌లో బాగుండేది కానీ, క్లీన్‌గా (డిస్టార్షన్ లేకుండా) వాయిస్తే గొంతు పట్టేసిన మనిషిలా పలికేది; పక్కనున్న సింగిల్ కాయిల్‌కు మారితే శబ్దం ఒక్కసారి పడిపోయేది.

గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన తొలి హంబకర్ల నిరోధం సుమారు 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఉండేది. ఆనాటి ఉద్దేశం హోరు తగ్గించడమే. ఒకదానికొకటి ఎదురు దిశలో పనిచేసే రెండు కాయిళ్ళు, ఎదురెదురు అయస్కాంత ధ్రువాలతో పక్కపక్కన ఉన్నప్పుడు, కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హోరు రెండింటిలోనూ ఎదురై రద్దవుతుంది, తంతి ధ్వని మాత్రం కూడుతుంది. ఆరాధనలో క్లీన్‌గా ఎక్కువ వాయించే మీకు ఆ పాత తరహా, అల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమలోహం) అయస్కాంతంతో 8 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో ఉన్నది సరిపోతుందని నా నిశ్చితాభిప్రాయం. మీ నెక్ పికప్‌తో శబ్దం కూడా సమానంగా నిలుస్తుంది.

టంకం డబ్బా (కె.ఆర్.పురం)

కొనేటప్పుడు నాలుగు తీగలున్న పికప్‌నే అడగండి, కారణం కింద చెబుతాను. బ్రిడ్జి స్థానానికి తగ్గట్టు పోళ్ళ (ప్రతి తంతి కింద ఉండే లోహపు బొడిపెల) మధ్య ఎడం ఎక్కువగా ఉన్నదా అని కూడా చూడండి. స్ట్రాట్ తరహా బ్రిడ్జికి ఒకటో పోలు నుంచి ఆరో పోలు వరకు 52, 53 మిల్లీమీటర్లు ఉంటే తంతులు పోళ్ళ మీదుగా సరిగా వెళతాయి.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్.పి. రోడ్డులో సోల్డరింగ్ ఐరన్, మంచి సోల్డర్, మల్టీమీటరు అన్నీ దొరుకుతాయి. 25 వాట్ల ఐరన్‌తో, గ్రౌండ్ తీగలు అతికే పాట్ వెనకభాగం సరిగా వేడెక్కదు. చాలాసేపు ఆనించి ఉంచితే పాట్ పాడవుతుంది, అందుకే 40 నుంచి 60 వాట్లది తీసుకుని రెండు మూడు క్షణాల్లో పని ముగించాలి. విప్పే ముందు లోపలి తీగలకు ఫోటో తీసుకోండి.

తీగల రంగులను ఒక సంస్థ పటం చూసి మరో సంస్థ పికప్‌కు కలపకండి. పికప్‌లు తయారుచేసే సీమోర్ డంకన్‌లో నలుపు హాట్ (సంకేతం వెళ్ళే తీగ), డిమార్జియోలో ఎరుపు హాట్; రెండింటిలోనూ ఆకుపచ్చ గ్రౌండ్‌కే వెళ్ళినా, మిగతావి వేరు. ఇది తప్పితే శబ్దం రాకపోవచ్చు, లేదా సగమే రావచ్చు.

ఆరుతంతులు (మారతహళ్ళి)

మూడు వారాల తరువాత వ్రాస్తున్నాను. ఎత్తు దించితే ముద్దతనం చాలావరకు తగ్గింది కానీ గుచ్చుకోవడం పోలేదు. పాట్ చూస్తే అప్పటికే 250 ఉంది. అందువల్ల 8.2 కిలో ఓమ్‌ల అల్నికో 5 హంబకర్ కొని, నిన్న రాత్రి నేనే అమర్చాను. బ్రిడ్జి ఒక్కటే పలికితే నేను కోరుకున్న ధ్వనే వచ్చింది. బ్రిడ్జి, మధ్య పికప్ కలిసే స్థానంలో మాత్రం బలం పోయి, డబ్బాలోంచి వచ్చినట్టు పల్చగా వినిపిస్తోంది. పికప్ లోపభూయిష్టమా?

టంకం డబ్బా (కె.ఆర్.పురం)

పికప్ బాగుంది, ఫేజ్ ఎదురుగా ఉంది, అంటే రెండు పికప్‌ల ధ్వనులు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి తగ్గించుకుంటున్నాయి. మల్టీమీటరును 20 కిలో ఓమ్‌ల మీద పెట్టి, కొత్త పికప్ హాట్‌కు ఎర్ర తీగ, గ్రౌండ్‌కు నల్ల తీగ ఆనించి, పోళ్ళ మీద ఒక స్క్రూడ్రైవరు ఉంచి చప్పున పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పెరిగిందో తగ్గిందో గుర్తుంచుకుని, మధ్య పికప్‌తోనూ అదే చేయండి. దిశలు వేరైతే హంబకర్ హాట్, గ్రౌండ్ తీగలను తారుమారు చేయండి; పైన ప్లాస్టిక్ తొడుగు లేని వెండిరంగు షీల్డ్ తీగ మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌కే ఉండాలి. నాలుగు తీగలున్నదే అడగమన్నది ఇందుకే: అల్లిక తొడుగుతో రెండే తీగలున్న పికప్ అయితే, ఆ తొడుగే గ్రౌండ్ కాబట్టి ఇది ఇంత తేలికగా కుదరదు.

ఆరుతంతులు (మారతహళ్ళి)

దిశలు వేరుగానే ఉన్నాయి. రెండు తీగలు మార్చాను, ఆ స్థానం నిండుగా పలుకుతోంది. ఒకటో తంతి వైపు 1.8, ఆరో తంతి వైపు 2.2 మిల్లీమీటర్ల దగ్గర ఆగాను. పాత పికప్‌ను కవరులో పెట్టి, దాని తీగల రంగులు పైన వ్రాసి, గిటారు పెట్టెలోనే ఉంచాను.