గ్రైండర్ వైరు మూతి దగ్గర చిట్లింది, టేపు చుట్టొచ్చా?

ప్రశ్న: ఇనుము కోసే, రుద్దే నాలుగు అంగుళాల యాంగిల్ గ్రైండర్, 850 వాట్లు. వైరు లోపలికి వెళ్లే చోట పైతొడుగు చిట్లి రాగి కనిపిస్తోంది. వంచితే ఆగి ఆగి తిరుగుతోంది.

జవాబు 1: టేపు వద్దండీ. పనిలో ఎక్కువ వంగేది అక్కడే, టేపు జారితే రాగి చేతికి తగులుతుంది. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో 1 చదరపు మిల్లీమీటరు, రెండు కోర్ల (లోపలి తీగల) రబ్బరు వైరు మూడు మీటర్లు, మూతి దగ్గరి రబ్బరు స్లీవు తీసుకోండి. ప్లగ్గు పీకాకే విప్పండి, స్విచ్ కనెక్షన్లు ఫోటో తీయండి. స్లీవు ముందే ఎక్కించండి, మర్చిపోతే మళ్లీ విప్పాలి.

జవాబు 2: అసలు కీలకం క్లాంపు, అంటే లోపల వైరును కదలకుండా బిగించే పట్టీ. అది పైతొడుగును పట్టాలి, లోపలి కోర్లను కాదు. లేదంటే లాగిన ప్రతిసారీ బరువు స్విచ్ స్క్రూల మీద పడి వైరు ఊడుతుంది.

ప్రశ్న: రెండు కోర్లే అన్నారు, ఎర్తు అక్కర్లేదా?

జవాబు 2: నేమ్‌ప్లేటు మీద చదరంలో చదరం గుర్తు (డబుల్ ఇన్సులేషన్) ఉంటే అక్కర్లేదు. పాత వైరులో మూడు కోర్లుంటే మూడూ వేయాల్సిందే.