‘పెయింటెడ్ ఆన్ ద వాల్’: గోడకా, గోడ మీదా?

హిందూపురం పిల్ల:
అందరికీ నమస్కారం. డిగ్రీలో చదివిన ఇంగ్లీషు కవి బ్రౌనింగ్ పద్యం ‘మై లాస్ట్ డచెస్’, ఒక డ్యూక్ పోయిన తన భార్య బొమ్మ చూపిస్తూ మాట్లాడేది, మొన్నటి నుంచి నోట్లో నానుతోంది, పూర్తిగా రావడం లేదు. ‘దట్స్ మై లాస్ట్ డచెస్ పెయింటెడ్ ఆన్ ద వాల్, లుకింగ్ యాజ్ ఇఫ్ షి...’ ఆ తర్వాత వాజ్ అలైవా, వర్ అలైవా? ఊరికే అడగడం లేదు. లేపాక్షికి వచ్చే విదేశీయులకు గుడి చూపించే పని నేర్చుకుంటున్నాను. విరూపణ్ణ సంగతి, అచ్యుతరాయల కాలం, వేలాడే స్తంభం, ఇవన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తాను. మంటపం కింద తల పైకెత్తి ద్రౌపది స్వయంవరం చూపించాల్సి వచ్చేసరికి నోరు పెగలదు. అర్జునుడు బొమ్మ ‘ఇన్’ ఉన్నాడా, ‘ఆన్’ ఉన్నాడా? బొమ్మ పైకప్పుకి ‘ఇన్’ అవుతుందా, ‘ఆన్’ అవుతుందా? బ్రౌనింగ్ ఎలా వాడాడో గుర్తొస్తే ఒక దారి దొరుకుతుందని ఆశ.

పాత లెక్చరర్:
వర్, అమ్మా. ‘యాజ్ ఇఫ్ షి వర్ అలైవ్.’ ఆవిడ బతికి లేదు కాబట్టి వర్. వాజ్ పెట్టినా ఛందస్సుకు ఢోకా లేదు గానీ, ఆ డ్యూక్ నోట వాజ్ రాదు, మర్యాద తప్పిపోతుంది. అది సరే, అసలు తిరకాసు నువ్వు దాటేసిన ‘ఆన్ ద వాల్’ దగ్గరుంది. ఆవిడ గోడకి తగిలించిన పటమా, గోడ మీదే వేసిన బొమ్మా? ఏటా క్లాసులో ఈ ప్రశ్న వేసేవాణ్ణి. ఏటా రెండు జట్లయ్యేవి.

సున్నం బ్రష్షు:
దీనికి జట్లు ఎందుకు మాస్టారూ, అది ఫ్రెస్కో, గోడ మీదే వేసిన బొమ్మ. నాలుగు పాదాలు తిరక్కుండా ఆయనే చెప్పేశాడు: బొమ్మ వేసిన ఫ్రా పాండోల్ఫ్ చేతులు ‘వర్క్‌డ్ బిజిలీ ఎ డే’. ఒక్క రోజు. ఫ్రెస్కోలో తడి సున్నం ఆరేలోపు రంగు పడిపోవాలి. అందుకని ఆ రోజుకు ఎంత వెయ్యగలరో అంత మేరకే పై పూత పూస్తారు. ఇటలీలో ఆ ముక్కను జొర్నాతా అంటారు, రోజు పని అని. మర్నాటి పూత నిన్నటి పూతను కలిసే చోట సన్నటి అతుకు మిగులుతుంది. గోడకు పక్కగా టార్చి పెట్టి చూస్తే కొన్ని చోట్ల ఆ గీత వెంట వేలు పెట్టి నడిపించవచ్చు. నూనె రంగులతో ఆ స్థాయి పోర్ట్రెయిట్ ఒక్క రోజులో ఎవరు వేస్తారు? కింది పూత ఆరడానికే రోజులు కావాలి.

పాత లెక్చరర్:
మరి తెర మాటేమిటి? తను తప్ప ఇంకెవరూ తొలగించకూడదని డ్యూక్ కట్టించిన తెర. ఆ రోజుల్లో చెక్క పలక మీద వేసిన ఖరీదైన పటాలకు తెర కట్టేవారు. పైగా ‘దట్ పీస్ ఎ వండర్’ అంటాడు. పీస్ అంటే ఎత్తుకెళ్ళగలిగేది. గోడను పట్టుకుని ఎవరైనా పీస్ అంటారా? ఇక ఒక్క రోజు అన్నది చిత్రకారుణ్ణి తేలిక చేసే మాట, అంతే. డబ్బున్నవాళ్ళు పనివాడి కష్టాన్ని అలాగే చెబుతారు, ‘ఆ, ఒక పూటలో అయిపోయింది’ అని.

డల్లాస్ దూరం:
చరిత్ర వైపు నుంచి ఒక మాట. ఈ డ్యూక్ ఇటలీలోని ఫెర్రారాను ఏలిన రెండో అల్ఫాన్సో అనీ, డచెస్ లుక్రేజియా డి మెడిచి అనీ చాలామంది అంటారు. ఆమె 1561లో, 16 ఏళ్ళకే పోయింది. 1565లో ఆయన ఆస్ట్రియా ఇంటి పిల్లను చేసుకున్నాడు. పద్యం చివర ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ శిల్పి పేరు ఊరికే రాలేదు. ఇంకొకటి, 1842లో మొదట అచ్చయినప్పుడు దీని పేరు ‘ఇటలీ’ మాత్రమే. ఇది ఎక్కువమందికి తెలీదు.

పాత లెక్చరర్:
ఎక్కువమందికి తెలీకపోవచ్చు నాయనా, నా క్లాసులో కూర్చున్నవాళ్ళకు తెలుసు. ఇప్పటి పేరు 1849లో వచ్చింది. ఫ్రా పాండోల్ఫూ, క్లాస్ అనే ఆ ఇన్స్‌బ్రుక్ శిల్పీ ఇద్దరూ కల్పితాలు. కాబట్టి చరిత్రలోంచి గోడను లాక్కురావడం కుదరదు.

గోదావరి గట్టు:
ఈ తగువంతా ఇంగ్లీషుకే. మన భాషలో రానే రాదు. తగిలిస్తే గోడకు, వేస్తే గోడ మీద. ‘గోడకు పటం ఉంది’, ‘గోడ మీద బొమ్మ వేశారు’. కు, మీద, ఈ రెండింటితో సరి. బ్రౌనింగ్ తెలుగువాడై ఉంటే మాస్టారి క్లాసులో రెండు జట్లు అయ్యేవి కావు.
హిందూపురం అమ్మాయికి ఒక సలహా. ఇంగ్లీషులో బొమ్మల గురించి మాట్లాడడం మనవాళ్ళకు కొత్త కాదు. కూల్డ్రే దొర రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలు. స్వయంగా కుంచె పట్టినవాడు. ఆయన చేతుల్లోంచే దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వచ్చారు. దామెర్ల 1925లో, 28 ఏళ్ళు నిండకముందే మశూచితో పోయాడు. రాజమండ్రి గ్యాలరీలో ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు నిలబడి, అందులో ఏముందో ఇంగ్లీషులో పైకి చెప్పుకుంటూ పోండి. వ్యాకరణ పుస్తకం కంటే అది నయం. ఇక బాపిరాజు గారంటారా, ఆయన నవలల్లో చీర రంగు చెప్పకుండా ఒక్క ఆడమనిషినీ గుమ్మం దాటనివ్వడు. బొమ్మ గురించి మాట్లాడడం ఆ పేజీల్లో నేర్చుకోవాలి. రంగు ముందు, మనిషి తర్వాత.

చేర్యాల చెంత:
అన్నా, మీ కు, మీద సిద్ధాంతం నిలవదు. గోడ మీద పిల్లి అంటాం, అది గోడ పైన కూర్చుంటుంది. గోడ మీద బల్లి అంటాం, అది పక్కన పాకుతుంది. చిన్నప్పటి పొడుపు కథ యాది చేసుకోండి: ‘గోడ మీద బొమ్మ, గొలుసుల బొమ్మ, వచ్చేపోయేవారికి వడ్డించే బొమ్మ’. తేలు! అది గోడకు తగిలించిందీ కాదు, గోడ మీద వేసిందీ కాదు. మన ‘మీద’ కూడా ఇంగ్లీషు ‘ఆన్’ లెక్కనే అన్నిటికీ పనికొస్తుంది.
మా దిక్కు ఇంకో సంగతి ఉంది. చేర్యాల నకాషీ పటాన్ని గోడకు కట్టి చూసి ఊరుకోరు. కథకుడు పటం విప్పుకుంటూ ఒక్కో గడి చూపించి కథ నడిపిస్తాడు. పటం చెప్పడమే మా దగ్గర అసలు పని. చెల్లె లేపాక్షిలో చేస్తున్నది కూడా అదే కద.

గోదావరి గట్టు:
తేలు బొమ్మ ఎలా అవుతుందండీ? పొడుపు కథలో ప్రాస కోసం వచ్చిన మాటను పట్టుకుని విభక్తి నిర్ణయిస్తామా? ‘యాజ్ ఇఫ్ అలైవ్’ కావాలంటే శాకుంతలం ఆరో అంకానికి వెళ్ళాలి. దుష్యంతుడు తనే వేసిన శకుంతల బొమ్మ చూస్తూ, అందులో గీసిన తుమ్మెదను తోలబోతాడు. విదూషకుడు, ‘అయ్యా, అది బొమ్మ’ అని గుర్తు చేయాల్సి వస్తుంది. ప్రాణం ఉట్టిపడడమంటే అదీ. బ్రౌనింగ్‌కు అక్కడిదాకా చేరే ఊపిరి ఎక్కడిది?

పాత లెక్చరర్:
ఆ పోలికతో మీరే చిక్కులో పడ్డారు. దుష్యంతుడు తుమ్మెదను తోలబోయాడు. ఈ డ్యూక్ మనుషుల్నే తోలేశాడు, తెర కట్టి. ఒకడు బొమ్మను మనిషి అనుకున్నాడు, ఇంకొకడు మనిషిని బొమ్మ చేశాకే స్థిమితపడ్డాడు. ఊపిరి ఎవరిదో నేను చెప్పను.

హిందూపురం పిల్ల:
మాస్టారూ, వర్ సంగతి తేలింది, థాంక్స్ అండీ. నా ఇన్, ఆన్ మాత్రం ఇంకా గాల్లోనే ఉన్నాయి.

పాత లెక్చరర్:
బొమ్మ లోకంలో ఉన్నవాళ్ళంతా ఇన్ ద పెయింటింగ్. అర్జునుడూ ఇన్, విల్లూ ఇన్. బొమ్మను మోసే తలం ఆన్: ఆన్ ద సీలింగ్, ఆన్ కాన్వాస్. దేనితో చేశారో దానికి మళ్ళీ ఇన్: ఇన్ ఆయిల్స్. పద్యం చివర బ్రౌనింగే అన్నాడుగా, సముద్రదేవుడు నెప్ట్యూన్ విగ్రహం ‘కాస్ట్ ఇన్ బ్రాంజ్’ అని. వేసినవాడికి బై, ఎవరి బొమ్మో వాళ్ళకి ఆఫ్. ‘ఎ పెయింటింగ్ బై ద్రౌపది’ అన్నావంటే ద్రౌపది కుంచె పట్టినట్టే.

సున్నం బ్రష్షు:
తలానికి ఆన్ అన్నారు. ఫ్రెస్కోకి అది కూడా చెల్లదు మాస్టారూ! తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాల్షియం కార్బొనేట్ అవుతుంది, అంటే రాయి అవుతుంది. రంగు ఆ రాతిలో చిక్కుకుపోతుంది. గోకితే రంగుతో పాటు గోడ కూడా రావాలి. అలాంటి బొమ్మ గోడలో ఉంది గానీ గోడ మీద లేదు. అజంతాలో అలా కాదు. మట్టి పూత మీద పల్చగా సున్నం కొట్టి, అది ఆరాక జిగురు కలిపిన రంగులు వేశారు. అది నికార్సైన ఆన్. అయినా అందరూ అజంతా ఫ్రెస్కోలు అనేస్తారు. అమ్మాయ్, లేపాక్షిలో నువ్వు మ్యూరల్, అంటే కుడ్యచిత్రం, అను. తడిదైనా పొడిదైనా ఆ మాటకు పేచీ లేదు.

పాత లెక్చరర్:
అయితే నీ లెక్క ప్రకారం ఫ్రెస్కో అయితే బ్రౌనింగ్ ‘ఇన్ ద వాల్’ అనాలి. ‘ఆన్’ అన్నాడు. కాబట్టి పలక మీద పటమే. నువ్వే ఒప్పుకున్నట్టయింది.

సున్నం బ్రష్షు:
డ్యూక్‌కు సున్నం రసాయనం తెలుసా ఏమిటి? వాడికి కనపడింది చెప్పాడు.

డల్లాస్ దూరం:
ఎవరూ పట్టించుకోని అక్షరం ఒకటుంది, ‘ఫ్రా’. అంటే సన్యాసి. సన్యాసి చిత్రకారుడనగానే గుర్తొచ్చేది ఫ్రా ఆంజెలికో. ఫ్లోరెన్స్‌లో సాన్ మార్కో మఠం గదుల్లో గోడ గోడకూ ఆయన ఫ్రెస్కోలే. రెండోవాడు ఫ్రా ఫిలిప్పో లిప్పీ, ఆయన మీద బ్రౌనింగ్ 1855లో పెద్ద పద్యమే రాశాడు. ఫ్రా అని పెట్టినప్పుడే కవి మనసులో గోడ ఉందని నా అనుమానం.

సున్నం బ్రష్షు:
విన్నారా మాస్టారూ!

పాత లెక్చరర్:
విన్నాను. ఆంజెలికో పలకల మీద కూడా బోలెడు వేశాడు. లిప్పీ కూడా అంతే. ఫ్రా అన్నంత మాత్రాన గోడ రాదు. రేపు ‘హర్ మాంటిల్ లాప్స్’ పాదం తీసుకుందాం, ఆవిడ కప్పుకున్న ఆ మాంటిల్ మడత నూనె రంగులో తప్ప రాదని చూపిస్తాను.

గోదావరి గట్టు:
మాంటిల్‌కు తెలుగేమిటో ముందు తేల్చండి. పైట అంటే నేను ఒప్పుకోను.