సమస్య: ‘పనియె లేనివాడు పనికివచ్చు’

నిర్వాహకుని మాట: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం, తక్కిన మూడు పాదాలు వ్రాసి పద్యం పూర్తి చేయడమే పూరణ. మార్చి 31 దాటగానే ఖజానా కార్యాలయాలలో బిల్లుల తాకిడి తగ్గుతుంది. ఆషాఢంలోను, మూఢంలోను స్థలాల రిజిస్ట్రేషన్లు పలచబడతాయి. ఆ రోజులలో బల్ల ముందు కూర్చున్న ఉద్యోగి ప్రొద్దు ఎలా పుచ్చుతాడో చెబుతూ, పని లేనివాడు పనికి ఎలా వస్తాడో సమర్థించవలసి ఉంటుంది.

మొదటి పూరణ (రిజిస్ట్రేషన్ కార్యాలయ ఉద్యోగి):

సర్వరాగెనేని జనము మూగి నిలువ
నర్జి వ్రాసిపెట్టి యాదుకొనును
కుర్చి వీడివచ్చి గుమ్మము దరి నిల్చి
పనియె లేనివాడు పనికివచ్చు

వ్యాఖ్య: ‘సర్వరు + ఆగె’ అన్నచోట ఉత్వసంధి చక్కగా కుదిరింది, అన్యదేశ్యం కదా అని సంధిని వదిలివేయకపోవడం మెచ్చదగినది. మొదట ‘నిలువ / అర్జి’ అని పంపారు. ‘నిలువన్’ ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కనుక ‘నర్జి’ అని నేనే దిద్దాను. యతి (పాదం మొదటి అక్షరానికి సరిపడే అక్షరం నియత స్థానంలో రావడం) మాత్రం లోపలి అకారానికే చెల్లుతుంది. ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం) కోసం ఊరి నుండి వచ్చిన వృద్ధుడు తెర మీద తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ నిలబడినప్పుడు, చేతిలో పని ఆగిపోయిన గుమాస్తాయే అతనికి దిక్కు అన్న భావం అనుభవంలో నుండి వచ్చినదని తెలుస్తూనే ఉన్నది.

రెండవ పూరణ (పంపిన రూపం):

గళ్ళనుడిని నింప గడిపి కాలమునెల్ల
కొత్త పదములెన్నొ నేర్చుకొనును
జాబు వ్రాయువేళ జంకునె యొకనాడు
పనియె లేనివాడు పనికివచ్చు

వ్యాఖ్య: రెండవ పాదంలో యతి తప్పింది. ‘కొ’కు ‘నే’ చెల్లదు, ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాలు కలవడం) కూడా లేదు. ‘కూర్చుకొనును’ అంటే ఒక్క మాటతో దోషం పోతుంది, పైగా గళ్ళలో అక్షరాలు కూర్చడమన్న అర్థమూ కలిసివస్తుంది. ‘గళ్ళ నుడికట్టు’ను ‘గళ్ళనుడి’గా కుదించడం నాకు అంతగా రుచించలేదు గాని, ఛందస్సు కోసం ఆ మాత్రం ఓర్చుకోవచ్చు. నిలువు పదాలకు, అడ్డం పదాలకు తడుముకున్న చేయి మెమో ముసాయిదా వ్రాసేటప్పుడు తడబడదన్న సమర్థన బలంగా ఉన్నది.

మూడవ పూరణ (ఉపఖజానా ఉద్యోగి):

పనులవాడు సెలవు పత్రమ్ము నందించి
యెండ మండుచుండ నింటనుండు
చల్లగాలి గదిని సమయమ్ము గడుపంగ
పనియె లేనివాడు పనికి వచ్చు

వ్యాఖ్య: తక్కిన ఇద్దరూ ‘ఉపయోగపడును’ అన్న అర్థాన్నే పట్టుకోగా, వీరు ‘పనికి’, ‘వచ్చు’ అని విడదీసి, ఏప్రిల్ ఎండలో హాజరు పట్టీలో అందరికంటే ముందు సంతకం పెట్టేది ఎవరో చెప్పారు. అక్షరం మార్చకుండా అర్థాన్ని తిప్పడంలోనే సమస్యాపూరణం రుచి ఉన్నది, నా ఓటు దీనికే. అయితే ఒక చిక్కు ఉన్నది. ‘గడుపంగన్’ ద్రుతప్రకృతికం (ద్రుతం చివర గల మాట), దాని మీది పరుషానికి (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) రావాలని వ్యాకరణకర్త చిన్నయసూరి చెప్పిన నియమాన్ని పాటిస్తే ‘గడుపంగ బనియె’ అవుతుంది, అప్పుడు ఇచ్చిన సమస్యే మారిపోతుంది. పృచ్ఛకుడు ఇచ్చిన పాదాన్ని కదిలించరాదు కనుక మూడవ పాదం చివరనే మార్చుకోవాలి. క్త్వార్థకమైతే (‘చేసి’ వంటి క్రియారూపమైతే) కళ (ద్రుతం లేని మాట) కనుక ఇబ్బంది ఉండదు.

మూడవ పూరణ కర్త సమాధానం: నిజమే, సరళాదేశం నా దృష్టికి రాలేదు. మధ్యాహ్నం రెండు టప్పాల (కార్యాలయానికి వచ్చే ఉత్తరాల) నడుమ, స్టాంపు ప్యాడు మీద సిరా ఆరిపోతుండగా కూర్చుని ఇలా సవరించాను:

చల్లగాలి గదిని శయనింప దలపోసి
పనియె లేనివాడు పనికి వచ్చు

నిర్వాహకుడు: ‘చ’కు ‘శ’తో యతి చెల్లింది, ‘తలపోసి’ని ‘దలపోసి’ చేయడమూ సరిగానే ఉన్నది. సమయం గడపడం కంటే శయనించడమే నిజానికి దగ్గరగా ఉన్నదని తోటి ఖజానా ఉద్యోగులు ఇద్దరు అప్పుడే వ్రాశారు.