"సందేహము వలదు..." తర్వాత వైఫైయా, టవరా?

గణపిపీలికం: పోతన కందానికి ఎవరో కట్టిన పేరడీ నాలుక మీద ఆడుతోంది. "ఇందు గలదందు లేదని / సందేహము వలదు వైఫై సర్వోపగతం". రెండో పాదం ఎక్కడో కుంటుతోంది. మిగతా రెండు పాదాలు ఎవరికైనా గుర్తున్నాయా?

లఘువు: ఆరో గణం చూడండి. పోతన "సందేహము వలదు చక్రి సర్వోపగతుం" అన్నాడు. అందులో "దు చక్రి" జగణం (లఘువు, గురువు, లఘువు). "దు వైఫై" యగణం (లఘువు, రెండు గురువులు), కందంలో దానికి చోటే లేదు. "వైఫి" అని కుదించాలి.

తెనాలి బాబాయ్: హైఫైకి జోడుగా పెట్టిన పేరండీ అది, "ఫై" కుదిస్తే ఏం మిగులుతుంది? అక్కడ ఉన్నది "టవరు". "దు టవరు" నలం (నాలుగూ లఘువులే), ఆరో గణానికి చెల్లుతుంది. అర్థమూ అదే. బస్సులో పోతుంటే ఫోను ఒక టవరు వదిలి ఇంకోటి పట్టుకుంటుంది, మాట తెగదు. మీ వైఫై వీధి మలుపు దాకా రాదు, అదేం సర్వోపగతం?

లఘువు: రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ పెట్టుకోండి, ఇంకో గది దాకా వస్తుంది. 5 పెట్టి గోడల్ని తిట్టుకుంటే ఎలా?

నిఘంటువు అక్క: అందరూ "సర్వ" పట్టుకుని "ఉపగత" వదిలేశారు. దగ్గరకు చేరినది అని కదా. నన్నడిగితే ఈ పాదం ఫోను తాకించి డబ్బు కట్టే ఎన్‌ఎఫ్‌సీది. నాలుగైదు సెంటీమీటర్ల లోపుకి తెస్తే గానీ పలకదు.

తెనాలి బాబాయ్: అయితే హిరణ్యకశిపుడు స్తంభాన్ని అరచేత్తో చరిచింది ట్యాప్ చేయడమన్నమాట!

గణపిపీలికం: బ్లూటూత్ అయ్యే వీలుందా?

లఘువు: "బ్లూ" ముందు "దు" గురువు కాదు, "వలదు" తెలుగు మాట కనుక. అయినా వెనక రెండు గురువులున్నాయి, పట్టదు. పైగా అది పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బిరుదు. హరి బదులు హరాల్డా?

నిఘంటువు అక్క: అసలు పోతన "చక్రి" అనే ఎందుకన్నాడు? "విష్ణు" అన్నా జగణమే. ప్రహ్లాదుడు చక్రి అంటాడు, వచ్చినవాడు గోళ్లతో పని కానిస్తాడు. చక్రం ఊసే లేదు. ఆ తేడా కావాలనే పెట్టాడంటాను.

తెనాలి బాబాయ్: యతికి "సం", "సర్వో" చాలు, మధ్యలో ఏదైనా పడుతుంది. మా ఒంటిమిట్ట కవి అంత లెక్కలు వేసుకుని రాసేవాడు కాదు.

లఘువు: ఒంటిమిట్టా? బమ్మెర అని ఇంటిపేరులోనే ఉంటే!

నిఘంటువు అక్క: ఇంటిపేర్లతో ఊళ్లు తేల్చేస్తే మా మేనమామ ఎప్పుడూ చూడని ఊరివాడవుతాడు.