మూతపడిన గనుల ఊళ్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచాలా, బాగుచేసి చూపించాలా?

హనుమకొండ బాటసారి:
కాలిఫోర్నియాలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు కారులో ఎడారి దారులు పట్టి డెత్ వ్యాలీ పార్కును, ఆ ప్రాంతంలోని పాత గనుల ఊళ్లను చూసి వచ్చాము. మొదట చూసిన ఊరు క్యాలికో. 1881లో వెండి కోసం వెలసి, వెండి ధర పడిపోయాక ఖాళీ అయిన ఆ ఊరిని 1951లో వాల్టర్ నాట్ అనే వ్యాపారి కొని, చాలా ఇళ్లను పాత తీరులో మళ్లీ కట్టించి, 1966లో అక్కడి కౌంటీకి అప్పగించాడు. ఇప్పుడక్కడ దుకాణాలున్నాయి, చిన్న రైలుంది. మనవలు సంబరపడ్డారు గాని, నాకు జాతరలో తిరిగినట్టుంది తప్ప గని ఊరు చూసినట్టు అనిపించలేదు.

తర్వాత చాలా దూరం ఉత్తరానికి వెళ్లి చూసిన బోడీ అలాంటిది కాదు. 1962 నుంచి రాష్ట్ర పార్కుగా ఉన్న ఆ బంగారు గనుల ఊరిలో ఇళ్లను కొత్తవి చేయరు, కూలిపోనూ ఇవ్వరు. కప్పు కారితే అతుకు వేస్తారు, గోడ ఒరిగితే ఊతం పెడతారు. ఒక ఇంటి కిటికీ అద్దానికి రెండు చేతులూ అడ్డుపెట్టి లోపలికి చూశాను. బల్ల మీద దుమ్ము పేరుకొని ఉంది, గోడకు అంటించిన పూల కాగితం చీలికలై వేలాడుతోంది. అక్కడే నాకు మన ఇల్లందు గుర్తుకు వచ్చింది. 1871లో విలియం కింగ్ బొగ్గును గుర్తించింది ఆ ప్రాంతంలోనే, సింగరేణి అన్న పేరు కూడా ఆ పక్క పల్లెదే. మన పాత బాయిల (బొగ్గు గనుల) ఊళ్లకు బోడీ పద్ధతే తగినదని నా అభిప్రాయం. మీరేమంటారు?

బెల్లంపల్లి బాయిబిడ్డ:
అన్నగారికి నమస్కారం. మీ అభిమానం అర్థమైంది గాని, మీ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. బోడీలో కట్టెగోడ ఇంతకాలం నిలిచిందంటే అక్కడి గాలిలో తేమ తక్కువ కావడం వల్ల. మా ఊళ్లో ఖాళీ క్వార్టర్‌కు మూడు వానాకాలాలు చాలు. మేము ఖాళీ చేసిన ఇంటిని మూడో ఏట చూడబోతే, వంటగది గోడలో మొలిచిన రావి మొక్క వేరు ఇటుకలను విడదీసింది, ద్వారబంధాన్ని వేలితో నొక్కితే చెదపట్టిన కట్టె పొడిపొడిగా రాలింది. అక్కడ అతుకు వేసి ఆపేదేముంది?

అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. బోడీ ఖాళీ అయిన ఊరు, మాది కాదు. పని విరమించిన కార్మికులు, వారి పిల్లలు ఈ ఇళ్లలోనే కాపురాలు చేస్తున్నారు, వారి కిటికీల్లోకి ఎవరైనా తొంగి చూడటం న్యాయం కాదు. మా నాయన ఫిల్లర్, అంటే తట్టా చెమ్మస్‌తో (తట్ట, పారతో) బొగ్గు ఎత్తి టబ్బులు, అంటే బొగ్గు బండ్లు, నింపినవాడు. ఆ కష్టం పాత గోడను చూస్తే తెలిసేది కాదు, బాయిలోకి దిగితేనే తెలుస్తుంది. అయితే పంపులు ఆపిన బాయిలో నీళ్లు నిండుతాయి, ఫ్యాన్ ఆపితే ప్రాణం తీసే వాయువులు చేరతాయి. కాబట్టి ఒక బాయినైనా పంపులతో, ఫ్యానుతో, కాపలాతో సజీవంగా ఉంచాలి, దానికి ఏటా డబ్బు కావాలి. ఆర్టీసీ 2022లో సింగరేణి దర్శన్ పేరిట బస్సు యాత్ర మొదలుపెట్టినప్పుడు నేను సంతోషించింది అందుకే. టికెట్టుతో, నాలుగు దుకాణాలతో ఆ ఖర్చు కొంతైనా గడిచి, మా ఊరి పిల్లలకు కాస్త ఉపాధి దొరికితే క్యాలికో పద్ధతిని అంత తక్కువగా చూడనవసరం లేదు.

ఇల్లందు టీచరమ్మ:
నా తరగతిలో ముప్పై మంది పిల్లలుంటే చెమ్మస్ అంటే ఏమిటో చెప్పగలిగినవారు ఇద్దరే, వారి తాతలు బాయిలో పనిచేశారు కాబట్టి. బాగుచేసినా, చేయకపోయినా, చూపించే మనిషి పాత కార్మికుడే కావాలని మాత్రం పట్టుబడతాను. మస్టర్ (హాజరు) ఎలా పడేదో, బాయి కప్పు కూలే ముందు ఎలాంటి చప్పుడు వినబడేదో చెప్పగలిగినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు పెద్దవారైపోతున్నారు, గోడల కంటే ముందు వారి మాటలను భద్రపరచాలి. అలాగే, కారుల్లో వచ్చేవారికి ఒక విన్నపం: పాత బాయి తవ్వకాల మీద నేల కుంగిన చోట్ల ఫొటోల కోసం కంచె దాటకండి.

హనుమకొండ బాటసారి:
తమ్ముడు చెప్పిన రావి మొక్క, చెదల సంగతి నేను ఆలోచించలేదు. కాపురాలున్న ఇళ్లను ప్రదర్శనకు పెట్టకూడదన్న మాటనూ ఒప్పుకుంటున్నాను. బాయి ఒక్కటైనా నడవాలంటే టికెట్టు, దుకాణాలు తప్పవేమో. అయితే ఆ దుకాణాలు బాయి గేటు బయటే ఉండాలి. లోపల మాత్రం టబ్బుకు రంగు వేయవద్దు, టోపీ దీపం చార్జింగు పెట్టే బల్ల మీద అరిగిన గుర్తులు చెరపవద్దు. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.

టీచరమ్మగారూ, వచ్చే నెల బయ్యారం మీదుగా ఇల్లందు వస్తున్నాను. ఆ ఇద్దరు పిల్లల తాతలు ఒప్పుకుంటే, వారు చెప్పే మాటలను రికార్డు చేసుకోవడానికి ఒక పూట కేటాయిస్తాను.